ఫైనల్ ఇయర్‌లో పుట్టగొడుగుల యూనిట్ తీసుకోవాలా, ఆ టైమ్ పరీక్షలకి పెట్టుకోవాలా?

వేరుశనగ_చేను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది అనంతపురం జిల్లా. నాన్న వేరుశనగ, కంది వేస్తారు.

వచ్చే ఏడాది మాకు ఏడో సెమిస్టర్‌లో పల్లెల్లో ఉండి చేసే రావెప్, ఎనిమిదో సెమిస్టర్‌లో ఈఎల్‌పీ, అంటే ఒక యూనిట్ నడుపుతూ పని నేర్చుకునే కార్యక్రమం, ఉంటాయి. ఈఎల్‌పీలో రెండు మాడ్యూళ్లు, ఒక్కోటి 10 క్రెడిట్లు. మా కాలేజీలో పుట్టగొడుగులు, ట్రైకోడెర్మా లాంటి జీవ శిలీంద్రాల తయారీ, విత్తనోత్పత్తి, నర్సరీ ఉన్నాయి. పెట్టుబడి కాలేజీ పెడుతుంది. తయారు చేసేది, అమ్మేది మేమే. లాభంలో మాకు వాటా ఇస్తారట.

నా టెన్షన్ ఏంటంటే, అదే నెలల్లో నేను పీజీ ఎంట్రన్స్‌కీ, బ్యాంకులో వ్యవసాయ అధికారి (ఏఎఫ్ఓ) పరీక్షకీ చదవాలి. నాన్న అయితే "నాలుగేళ్లు చదివించింది మళ్లీ గడ్డి ఉడకబెట్టడానికా" అంటున్నారు. పుట్టగొడుగుల యూనిట్‌లో పని ఎక్కువని, నర్సరీ తీసుకుంటే రికార్డు రాస్తే సరిపోతుందని సీనియర్లు చెప్తున్నారు.

ఇలాంటి యూనిట్లు నడిపిన అన్నయ్యలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. ఉద్యోగంలోకి వెళ్లాక అది నిజంగా పనికొచ్చిందా? సర్టిఫికెట్ సంగతి కాదు, పని సంగతి అడుగుతున్నాను.

---

గోదావరి_గట్టు

చెల్లీ, నేను నర్సరీ తీసుకున్నవాణ్ణే. మా బ్యాచ్‌లో మొక్కలు పెంచింది అటెండరు గారు, నీళ్లు పోసింది కూలీలు, అమ్మింది ఆఫీసు. మేము సెమిస్టర్ చివర్లో ఏప్రాన్లు వేసుకుని మొక్కల మధ్య నిలబడి ఫోటోలు దిగాం. పోయిన బ్యాచ్ రికార్డు చూసి మా రికార్డు రాశాం. అందరికీ మంచి గ్రేడే వచ్చింది.

తర్వాత బ్యాంకు ఇంటర్వ్యూలో బోర్డులో ఉన్న ఒక పెద్దాయన నా రెజ్యుమే చూసి "నర్సరీ నడిపావా? అంటు మామిడి మొక్క ఒక్కోటి మీకు ఎంతకు పడింది?" అని అడిగారు. నాకు తెలియదు. "ఎంతకు అమ్మారు?" అన్నారు. అదీ తెలియదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. నర్సరీకి లోన్ ఇవ్వాల్సిన ఉద్యోగానికి వెళ్లి, నడిపానని చెప్పిన నర్సరీలో మొక్క ఖరీదు చెప్పలేకపోయాను.

కాబట్టి ఏ యూనిట్ అన్నది కాదు, అందులో డబ్బు విద్యార్థుల చేతికి ఇస్తారా లేదా అన్నది కనుక్కో. ఇవ్వకపోతే హాయిగా పరీక్షకి చదువుకో.

---

పాలపుట్టగొడుగు

పై అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం వేరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు చెల్లీ.

నేను హైదరాబాద్ దగ్గర ఒక విత్తన కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. చదివింది కోస్తాలో ఒక వ్యవసాయ కళాశాలలో. పుట్టగొడుగుల యూనిట్‌లో మేం పదహారు మందిమి. జనవరిలో ఆయిస్టర్‌తో, అదే ముత్యపుచిప్ప పుట్టగొడుగులతో మొదలుపెట్టాం. మార్చిలో ఎండలు ముదిరాక పాల పుట్టగొడుగులకి మారాం, వాటికి ముప్ఫై డిగ్రీలు దాటిన వేడి పడుతుంది.

పని ఇలా ఉంటుంది. వరిగడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి, ఏడెనిమిది గంటలు నానబెట్టి, గంటసేపు ఉడికించి, నీడలో ఆరబెట్టాలి. పిడికిట్లో పట్టి పిండితే చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం తడి కావాలి. ఆ పదును పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాలేదు, నాలుగు రోజులు చేత్తో పిండితే వచ్చింది. తర్వాత పాలిథీన్ సంచిలో ఒక పొర గడ్డి, అంచుల వెంట స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, మళ్లీ పొర గడ్డి. సంచికి రంధ్రాలు పెట్టి చీకటి గదిలో వేలాడదీస్తే పద్దెనిమిది, ఇరవై రోజుల్లో తెల్లగా బూజు అల్లుకుంటుంది. అప్పుడు వెలుతురు, గాలి, తేమ ఇస్తే మొగ్గలు వస్తాయి.

ఇదంతా ఎవరైనా నేర్చుకోగలరు. నేను చెప్పాలనుకున్నది తర్వాత జరిగింది.

ముందు ఖరీదు సంగతి. మొదటి వారం కూర్చుని లెక్క వేశాం. గడ్డి, స్పాన్, సంచులు, ప్యాకింగ్ కవర్లు కలిపి కిలోకి 75 రూపాయలు పడుతుందని తేల్చాం. 200 గ్రాముల ప్యాకెట్ 50 రూపాయలకి అమ్మితే కిలో 250. ఇంకేముంది, పెట్టినదానికి రెండింతలకి పైగా లాభం అనుకున్నాం. నెలాఖరుకి అసలు ఖర్చు కూడితే కిలో 130 తేలింది. గ్యాస్ సిలిండర్లు లెక్కలో లేవు. టౌన్‌కి వెళ్లే బండి పెట్రోలు లేదు. పాడైన సంచులు లేవు. అన్నిటికంటే, సాయంత్రానికి అమ్ముడుపోక వాడిపోయిన ప్యాకెట్లు లేవు. ఆయిస్టర్ కోసిన రోజో, మర్నాడో అమ్ముడైపోవాలి. మా పని విలువ అప్పటికీ వేసుకోలేదు. ఫార్మ్ మేనేజ్‌మెంట్ పేపర్‌లో స్థిర వ్యయం, చర వ్యయం మీద నాకు మంచి మార్కులే వచ్చాయి, కానీ పెట్రోలు డబ్బులు జేబులోంచి పోయేదాకా ఆ మాటలకి అర్థం తెలియలేదు.

అమ్మకం ఇంకో చదువు. "ఇవి కుక్కగొడుగులు కావా? తింటే ఏమవుతుందో" అనేవాళ్లు కొందరు. "మా ఇంట్లో ఇది నీచు కిందే లెక్క" అని మరికొందరు. మొదట్లో నేను ప్రోటీను, విటమిన్లు అని చెప్పేదాన్ని, ఎవరూ ఆగేవారు కాదు. ఒకరోజు హాస్టల్ వంటావిడ మాతో వచ్చి "ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఇగురు పెట్టండి, పావుగంట పని" అంది. పది ప్యాకెట్లు అక్కడికక్కడే పోయాయి. ఆ రోజు నుంచి ప్యాకెట్‌తో పాటు ఇగురు చేసే పద్ధతి చిన్న కాగితం మీద రాసి ఇచ్చాం.

ఇక మాఘమాసం పెళ్లిళ్లు. టౌన్‌లో క్యాటరింగ్ చేసే ఒకాయన పెళ్లికి 30 కిలోలు కావాలన్నారు. మేం ఎగిరి గంతేశాం. సంచికి మొదటి కోతలో 400 గ్రాముల చొప్పున 75 సంచులు చాలు, జాగ్రత్తకి 90 పెడదామని మాట ఇచ్చేశాం. ముప్పయ్యేసి సంచుల చొప్పున మూడు విడతలుగా గడ్డి ఉడికించి నింపాం.

తొమ్మిదో రోజు గదిలోకి వెళ్తే సంచుల్లో ఆకుపచ్చ మచ్చలు. ట్రైకోడెర్మా. రైతులకి వేరుకుళ్లు రాకుండా పశువుల ఎరువులో కలిపి చల్లమని మనం చెప్పే శిలీంద్రమే అది. పుట్టగొడుగుల సంచిలోకి వస్తే మాత్రం పంటనే తినేస్తుంది. లెక్కపెడితే 34 సంచులు పోయాయి.

మా పక్క గదిలోనే ఇంకో జట్టు ట్రైకోడెర్మా యూనిట్ నడుపుతోంది. మేమందరం వాళ్ల మీద పడ్డాం. మాటా మాటా పెరిగింది. అప్పుడు మా సార్ వచ్చి ఒకే ప్రశ్న అడిగారు: "గాలిలో వచ్చి ఉంటే అదే గదిలో ఉన్న మిగతా 56 సంచులు ఎందుకు తెల్లగా ఉన్నాయి?" మా దగ్గర జవాబు లేదు. రికార్డు తెమ్మన్నారు. ఉడికించిన సమయం గడిలో పైనుంచి కింద దాకా "1 గంట, 1 గంట, 1 గంట" అని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంది. సార్ పుస్తకం మూసి మాకిచ్చి వెళ్లిపోయారు, ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి హాస్టల్లో మా జట్టులో ఒకమ్మాయి చెప్పింది. మూడో విడతకి గ్యాస్ అయిపోయింది, ఇరవై నిమిషాలకే గడ్డి దించేసింది, చీకటి పడుతోందని ఎవరికీ చెప్పలేదు. రికార్డు మాత్రం వారానికోసారి ఒకేసారి నింపేవాళ్లం, అది మా అందరి తప్పు. పైగా సంచుల మీద నంబర్లు లేవు. ఏ సంచి ఏ విడతదో తెలిసి ఉంటే ఆ ముప్పై సంచుల్ని మొదటి మచ్చ కనపడగానే బయటికి తీసేసేవాళ్లం, పక్కనున్న మంచివి నాలుగు అంటుకునేవి కావు.

మర్నాడు ట్రైకోడెర్మా జట్టు దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాం. రికార్డులో "ఎంతసేపు" అనే గడి కొట్టేసి "పొయ్యి మీద పెట్టిన టైమ్", "దించిన టైమ్", "దించినవాళ్ల సంతకం" అని మూడు గడులు గీశాం. ప్రతి సంచి మీద మార్కర్‌తో విడత నంబరు, తేదీ.

కానీ అన్నిటికంటే కష్టమైంది క్యాటరింగ్ ఆయనకి చెప్పడం. నాలుగు రోజులు చెప్పలేదు. "మిగతా సంచులు ఎక్కువ కాస్తాయేమో" అని ఒకరు, "పెళ్లి ముందురోజు చూద్దాం" అని ఇంకొకరు. లెక్క మాత్రం 56 సంచులకి 22 కిలోలే అంటోంది. చివరికి పెళ్లికి పది రోజుల ముందు నేనే ఫోన్ చేశాను. చేతులు వణికాయి. ఆయన బాగా కేకలేశారు. "పిల్లలని నమ్మాను చూడు" అన్నారు. కాసేపయ్యాక ఆయనే ఫోన్ చేసి "పది రోజులుంది కాబట్టి మిగతాది ఎక్కడైనా చూసుకుంటాను, మీ దగ్గర ఖాయంగా ఎంత వస్తుందో అంతే చెప్పు" అన్నారు. 20 అని చెప్పాను. పెళ్లి రోజు పొద్దున నాలుగింటికి 21 కిలోలు ఇచ్చి వచ్చాం. మార్చిలో ఆయనే మళ్లీ పాల పుట్టగొడుగులు అడిగారు.

ఇప్పుడు నా ఉద్యోగం లాట్ నంబర్లతోనే. ప్రతి బస్తా ఏ పొలం నుంచి, ఏ రోజు, ఏ యంత్రం మీద శుభ్రపడిందో కాగితం చూసి చెప్పగలగాలి. వరికి మొలక శాతం కనీసం 80 ఉండాలి. 78 వస్తే 78 అనే రాయాలి, బయట గేటు దగ్గర లారీ ఎదురు చూస్తున్నా సరే. ఆ మాట అమ్మకాల వాళ్లకి ఈరోజే ఫోన్ చేసి చెప్పాలి, రేపటికి వాయిదా వేయకూడదు. కొత్తగా చేరినవాళ్లు చాలామంది తెలివైనవాళ్లే, పరీక్ష బాగా చేస్తారు, కానీ చెడ్డ రిజల్ట్ వస్తే రెండు రోజులు దగ్గర పెట్టుకుంటారు. వాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగు రోజులు గుర్తొస్తాయి.

నర్సరీలో రికార్డు రాస్తే చాలు అన్నారని రాశావు. దయచేసి ఆ కారణంతో మాత్రం ఎంచుకోకు.

---

ఆమ్‌హర్స్ట్_చలి

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. నేను అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్ క్యాంపస్‌లో ఎంఎస్ చేశాను. అక్కడ స్టూడెంట్ యూనియన్ భవనంలో విద్యార్థులే నడిపే షాపులుంటాయి. కాఫీ, చిరుతిళ్లు అమ్మే పీపుల్స్ మార్కెట్ 1973 నుంచి ఉంది, ఎర్త్‌ఫుడ్స్ అనే శాకాహార క్యాంటీన్ 1976 నుంచి ఉంది. మేనేజర్ అంటూ ఎవరూ ఉండరు, పని చేసే ప్రతి విద్యార్థీ కో-మేనేజరే. సరుకు తెప్పించేది, లెక్క రాసేది, కొత్తవాళ్లని తీసుకునేది అందరూ వాళ్లే. ఏ నిర్ణయమైనా మీటింగ్‌లో అందరూ ఒప్పుకుంటేనే.

నేను అలాంటి ఒక షాపులో ఏడాది చేశాను. మొదటి రెండు నెలలు మీటింగుల్లో నోరు విప్పలేదు. మన క్లాసుల్లో పెద్దవాళ్లు చెప్పింది రాసుకోవడమే తప్ప, కాదనడం అలవాటు లేదు కదా. ఒకసారి పాల ఆర్డర్ పెంచుదామన్నారు. వారం వారం పారబోస్తున్న పాలు ఎన్నో నేను రాసుకుంటున్నాను, అయినా మాట్లాడలేదు. ఆ వారం ఇంకా ఎక్కువ పారబోశాం. తర్వాతి మీటింగ్‌లో నా కాగితం చూపిస్తే ఒకమ్మాయి కోపంగా కాదు, నిజంగా బాధపడి, "నీకు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. అందరూ సమానమైన చోట తెలిసినవాడు మాట్లాడకపోతే ఆ నష్టం అందరిదీ అవుతుందని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆఫీసులో నేను "నాకు ఇది సరికాదనిపిస్తోంది, కారణం ఇదీ" అని చెప్పగలుగుతున్నానంటే ఆ పాల వల్లే.

ఇక్కడికి రాబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక హెచ్చరిక. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. క్యాంపస్ షాపులో పని చేయడం వేరు, సొంతంగా వ్యాపారం పెట్టడం వేరు. రెండోదానికి దిగే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుని తప్పకుండా అడగండి.

---

పాథాలజీ_మాస్టారు

అమ్మా, నేను వ్యవసాయ కళాశాలలో పాతికేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. గోదావరి_గట్టు చెప్పినట్టు ఎందుకు జరుగుతుందో మా వైపు నుంచి చెప్తాను.

2015లో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) స్టూడెంట్ రెడీ పథకం కింద రావెప్, ఈఎల్‌పీ లాంటివన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఉద్దేశం చాలా మంచిది. చిక్కంతా నగదు దగ్గర వస్తుంది. అమ్మిన ప్రతి రూపాయికి రసీదు ఉండాలి, కాలేజీ ఖాతాలో జమ కావాలి, ఆడిట్‌లో చూపించాలి. ఎక్కడైనా తేడా వస్తే సంతకం పెట్టిన టీచర్ జవాబు చెప్పుకోవాలి. ఆ భయంతో చాలామంది టీచర్లు కొనుగోలు, అమ్మకం తమ చేతిలోనే ఉంచుకుంటారు. పిల్లలకి మిగిలేది రికార్డు. వాళ్ల తప్పని నేను అనను, నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. రసీదు పుస్తకం, రోజువారీ నగదు పుస్తకం పిల్లల దగ్గరే. ప్రతి సాయంత్రం పుస్తకంలోని మొత్తం, పెట్టెలోని డబ్బు సరిచూసి ఇద్దరు పిల్లలు సంతకం పెట్టాలి, నేను వారానికి రెండుసార్లు తనిఖీ చేస్తాను. మొదటి ఏడాది 60 రూపాయలు తేడా వచ్చింది. ఆ 60 రూపాయల కోసం పిల్లలు రాత్రి తొమ్మిది దాకా రసీదులు తిరగేశారు. దొరికాక వాళ్ల ముఖాలు చూడాల్సింది.

మీ మాడ్యూల్ ఇన్‌చార్జిని వెళ్లి అడుగు: "మొత్తం కాకపోయినా ఒక ఇరవై సంచులు పూర్తిగా మాకు వదులుతారా, కొనడం నుంచి అమ్మడం దాకా?" ఇంతవరకు ఏ విద్యార్థీ నన్ను అలా అడగలేదు. అడిగితే కాదనే టీచర్లు తక్కువ.

---

వేరుశనగ_చేను

ఇంత ప్రేమగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, సోమవారం వెళ్లి అడుగుతాను. అక్కా, చదువుకి టైమ్ ఎలా దొరికింది? హోటళ్లకి అప్పు పెట్టారా?

---

పాలపుట్టగొడుగు

నాలుగు జట్లుగా విడిపోయాం, జట్టుకి నలుగురు. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా కోత, ప్యాకింగ్, నీళ్లు చల్లడం. ఒక వారం షెడ్డు, ఒక వారం అమ్మకం, ఒక వారం గడ్డి పని, ఒక వారం లెక్కలు. లెక్కల వారంలో మధ్యాహ్నాలన్నీ ఖాళీయే. నా రూమ్మేట్ అదే షెడ్డులో పని చేస్తూ చదివి ఏఎఫ్ఓ అయింది. నేనూ రాశాను, నాకు రాలేదు. అందులో యూనిట్ తప్పేమీ లేదు, నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. నువ్వు రావెప్ నెలల్లోనే మొదలుపెట్టు.

అప్పు పెట్టాం, ఇరుక్కున్నాం కూడా. ఒక హోటల్లో 3,400 ఆగిపోయింది. వెళ్లినప్పుడల్లా "శనివారం రండి" అనేవారు. మేం మధ్యాహ్నం భోజనాల రద్దీలో వెళ్లేవాళ్లం, ఆ టైమ్‌లో ఎవరిస్తారు? ఒకసారి మూడున్నరకి, కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు, ఏ రోజు ఎన్ని ప్యాకెట్లు ఇచ్చామో తేదీలవారీగా రాసిన చీటీ తీసుకెళ్లి చేతిలో పెట్టాం. చదివి, ఇచ్చేశారు. ఆ తర్వాత వారం కంటే ఎక్కువ అప్పు ఎవరికీ పెట్టలేదు.

చివరికి తలా 1,850 రూపాయలు వచ్చాయి. డబ్బు కోసం అయితే ఈ యూనిట్ తీసుకోకు.

---

వేరుశనగ_చేను

ఆదివారం ఇంటికి వెళ్లాను. మీ 75, 130 రూపాయల కథ నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పోయినేడు వేరుశనగకి ఎకరాకి ఎంతైందో రాద్దాం రమ్మన్నారు. విత్తనకాయలు, దుక్కి, మందులు, కూలీలు, నూర్పిడి అన్నీ గబగబా చెప్పారు. "నీదీ, అమ్మదీ పని ఎంత వేద్దాం నాన్నా" అంటే అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది, వచ్చే ఆదివారం నింపుతాం.

పుట్టగొడుగులు మొదటి ప్రాధాన్యంగా ఇచ్చాను. ఇన్‌చార్జి సార్ ఇరవై సంచులకి ఒప్పుకున్నారు. స్పాన్ ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి?

---

పాలపుట్టగొడుగు

నాకు చాలా సంతోషంగా ఉంది చెల్లీ. స్పాన్‌ని జొన్న గింజల మీద పెంచుతారు, తయారవ్వడానికి పదిహేను, ఇరవై రోజులు పడుతుంది. కాబట్టి సంచులు నింపే తేదీకి కనీసం నెల ముందే చెప్పి పెట్టుకో. తెచ్చేటప్పుడు రాత్రి బస్సులో తీసుకురా, పగటి ఎండలో వద్దు. ప్యాకెట్ విప్పే ముందు చూడు, గింజలన్నీ తెల్లగా అల్లుకుని ఉండాలి. ఎక్కడైనా ఆకుపచ్చ చుక్క కనిపిస్తే ఆ ప్యాకెట్ మొత్తం పక్కన పెట్టెయ్, కొంచెమే కదా అని కలపకు. మార్కర్ పెన్ను రెండు కొనుక్కో, తడికి చెరిగిపోనివి.